మొలతాడుకు కట్టిన తాళంచెవి

మా ఇంట్లో ఏ వార్తా మామూలు గొంతుతో రాదు. పాలు విరిగినా అమ్మ ముందు "కొంప మునిగింది బిడ్డా" అంటుంది, ఆ తర్వాతే పాల సంగతి చెబుతుంది. అందుకని ఆ సాయంత్రం కామారెడ్డి కోర్టు బయట ఫోన్ మోగి, కొంప మునిగిందని తెలిసినప్పుడు నేను చేతిలో ఉన్న టీ పూర్తిచేస్తూ విన్నాను. ఈసారి పాలు కాదు. ఎల్లారెడ్డి నుంచి వస్తూ వస్తూ చెల్లె స్కూటీ మీద నుంచి పడింది.

దవాఖానకు పరుగెత్తుకుంటూ పోయాను. అమ్మ వరండాలో కూర్చుని ఏడుస్తోంది. బాపు గోడకు ఆనుకుని, చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. లోపల మంచం మీద ఉన్న అసలు మనిషి మాత్రం ఎడమచేత్తో బిస్కెట్లు తింటోంది. కుడి మణికట్టు విరిగింది, మోకాలు చెక్కుకుపోయింది. హెల్మెట్ పగిలింది కాబట్టి తల పగల్లేదు. నన్ను చూడగానే ఆమె అడిగింది బండి అద్దం దొరికిందా అని.

చెల్లె ఎల్లారెడ్డిలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. నేను కామారెడ్డిలో ఒక వకీలు దగ్గర జూనియర్‌ని. మా సీనియర్ చేసేవన్నీ దాదాపు రోడ్డు ప్రమాదాల కేసులే. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది కుంటుతూ వస్తారు, మిగతా సగం ఆటో దిగాక కుంటడం మొదలుపెడతారు. అంటే ఆమె రక్తం తీస్తుంది, నేను కారిన రక్తానికి ఖరీదు కడతాను. తాడ్వాయి దాటాక వచ్చే మా ఊళ్లో, మా ఇద్దరినీ కలిపి ఒకే వ్యాపారం కింద లెక్కేస్తారు.

ప్రమాదం ఎలా జరిగిందో చెప్పాలంటే మా రోడ్డు గురించి చెప్పాలి. వడ్లు కోతకు వచ్చాయంటే మా దగ్గర రోడ్డు సగమే రోడ్డు. మిగతా సగం కల్లం. కొనుగోలు సెంటర్లో తేమ ఎక్కువుందని తిప్పి పంపిస్తారు కాబట్టి, తారు వేడికి తొందరగా ఆరతాయని ప్రతి ఒక్కరూ తెచ్చి రోడ్డు మీదే పోస్తారు. పోసిన వడ్ల మీదికి బస్సు ఎక్కకుండా చుట్టూ బండరాళ్లు పెడతారు. చీకటి పడే వేళకు మంచు పడుతుందని వాటి మీద నల్ల కవరు కప్పుతారు. నల్ల తారు మీద నల్ల కవరు, దాని చుట్టూ బూడిద రంగు రాళ్లు, ఆ పైన మసక చీకటి. ఎదురుగా లారీ లైటు కళ్లలో కొట్టిందంటే ఇక చెప్పేదేముంది. చెల్లె పక్కకు తప్పుకుంది. పక్కన బండ ఉంది.

ఆ బండ పెట్టినవాణ్ణి అమ్మ దవాఖాన వరండాలో తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయను. వాడి చేతులు, వాడి కాళ్లు, వాడి ఏడు తరాలు, వాణ్ణి కన్న తల్లి, ఎవరినీ వదల్లేదు. నర్సు వచ్చి నెమ్మదిగా అని చెప్పింది. అమ్మ నెమ్మదిగా మళ్లీ మొదటి నుంచి తిట్టింది. బాపు చెప్పులు చూసుకుంటూనే ఉన్నాడు. కూతురికి దెబ్బ తగిలిన తండ్రి దుఃఖం అనుకున్నాను నేను.

మరునాడు పొద్దున బండిని తీసుకురావడానికి పోయాను. స్కూటీ రోడ్డు దిగువన ముళ్లకంపలో ఉంది, బండ దానికి నాలుగడుగుల అవతల ఉంది. దాన్ని చూడగానే ఎక్కడో చూసిన మొహంలా అనిపించింది. ఒకవైపు నున్నగా, మధ్యలో కాస్త గుంటపడి, ఒక మూల నీలం మరక. నా చిన్నప్పటి నుంచి మా ఇంటి వెనక బోరింగు పక్కన ఉన్న బట్టలుతికే బండ అది. పోయినేడు వాషింగ్ మెషిన్ వచ్చాక దానికి పని పోయింది. బాపు దానికి కొత్త ఉద్యోగం చూపించాడు. ఊరి దగ్గర జాగలన్నీ ముందే పట్టేసుకున్నారని ఆ మధ్యాహ్నమే, చెల్లె పనికి పోయాక, ఇంత దూరం వచ్చి వడ్లు పోశాడు.

ఇంటికి వచ్చి ఈ సంగతి అమ్మకు చెప్పాను. అమ్మ వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. ముందు రోజు తిట్టిన తిట్లలో ఏవేవి తన మొగుడికి తగులుతాయో, ఏవేవి తనకూ తన పిల్లలకూ తగులుతాయో మనసులో విడదీసుకుంటోందని నాకు అర్థమైంది. చివరికి ఏడు తరాల మాట వెనక్కి తీసుకున్నానని దేవుడి పటం వైపు తిరిగి చెప్పింది. చేతులు, కాళ్ల సంగతి వెనక్కి తీసుకోలేదు.

బాపు ఆ సాయంత్రం బండను ట్రాక్టర్‌లో వేసుకొచ్చి బోరింగు పక్కన దించాడు. తర్వాత స్కూటీ తాళంచెవి తీసుకుని మొలతాడుకు ముడేసి కట్టుకున్నాడు. ఆడపిల్ల మసక చీకట్ల బండి నడుపుడు బందు అన్నాడు. అంతే తీర్పు. బండ తప్పు చేసింది, బండికి శిక్ష పడింది. నేను రోజూ కోర్టులో ఉంటాను కాబట్టి నాకు ఇది అంత వింతగా తోచలేదు. కానీ మొలతాడుకు కట్టిన తాళంచెవిని ఏ కోర్టు అమీను వచ్చి జప్తు చేస్తాడు?

ఊరంతా పరామర్శకు వచ్చింది. వచ్చిన ప్రతివాళ్లూ చాయ తాగి, పిల్ల ఎంత స్పీడుగా వచ్చి ఉంటుందో చర్చించి పోయారు. రాయి ఎంత స్పీడుగా ఉందని ఎవరూ అడగలేదు. బాపు తమ్ముడు, మా కాకకు ఆటో ఉంది. ఆయన నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యేసి, కన్నీళ్లు పెట్టుకుని ఒక మాట అన్నాడు.

"నా ఆటోనే గుద్దిందని రాసుకో బిడ్డా. ఏండ్ల సంది ఇన్సూరెన్స్ కడుతున్న, ఒక్కనాడన్న అక్కరకు రాలే."

మనిషి ఇంత ప్రేమగా నేరం ఒప్పుకోవడం నేను కోర్టులో ఎన్నడూ చూడలేదు. అట్ల రాస్తే చెల్లెకు పరిహారం రాకపోగా, నీకు జైలు, నాకు వకాలత్ బందు అని చెప్పాను. మరి బండకు ఇన్సూరెన్స్ లేదా అని అడిగాడు. లేదన్నాను. గవర్నమెంట్ ఇసొంటియి ఆలోచించదు అని గవర్నమెంటును తిట్టి పోయాడు.

మా సీనియర్‌తో కూడా మాటల్లో ఈ సంగతి కదిపాను, ఒక క్లయింట్ అని చెప్పి. ఆయన కేసు పత్రాల్లోంచి తలెత్తకుండానే సమాధానం చెప్పాడు. పబ్లిక్ రోడ్డు మీద అడ్డం పెట్టడమే నేరం, దానివల్ల దెబ్బ తగిలితే పెట్టినవాడే నష్టపరిహారం కట్టాలి, బండికి బండి గుద్దలేదు కనుక ఇన్సూరెన్స్ కంపెనీ మీదికి పోలేం, పెట్టినవాడి మీద దావా వెయ్యి అన్నాడు. పెట్టినవాడికి ఆస్తి ఉందా అని అడిగాడు. ఉంది సార్, నాలుగెకరాలు, అందులో నాకూ వాటా ఉంది అన్నాను. అప్పుడు తలెత్తాడు.

చలికాలం అంతా చెల్లె బస్సులో పోయింది, బస్సులో వచ్చింది. కట్టు విప్పాక వేళ్లు మెల్లగా మాట వినడం మొదలుపెట్టాయి. రబ్బరు బంతి ఒకటి పిసుకుతూ ఇల్లంతా తిరిగేది. సూది పట్టుకునే చెయ్యి అది, దాన్నలా వదిలేస్తే కుదరదు. చెయ్యి దారిలోకి వచ్చింది కానీ పని దారి తప్పేలా ఉంది. పరగడుపు రక్తం తీయాలంటే పొద్దున్నే ల్యాబ్‌లో ఉండాలి, మా ఊరి బస్సుకేమో అందరి పరగడుపులూ అయిపోయాక బయలుదేరే అలవాటు. పైగా ల్యాబ్ యజమాని కొత్తగా ఇళ్లకే పోయి శాంపిల్స్ తెచ్చే పని పెట్టాడు. ముసలివాళ్లు, మంచంలో ఉన్నవాళ్లు, ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లు. ఆ పని చెల్లెకే ఇవ్వాలనుకున్నాడు. బండి ఉండాలన్నాడు. ఏప్రిల్ దాటితే ఇంకొకరిని చూసుకుంటానని మర్యాదగానే చెప్పాడు.

ఏప్రిల్ అంటే మా దగ్గర యాసంగి కోతలు. మళ్లీ వడ్లు, మళ్లీ రోడ్డు.

చెల్లె ఒక ఆదివారం పొద్దున బాపును తాళంచెవి అడిగింది. బాపు అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. కోతలు కానియ్యి, రోడ్డు మీది వడ్లన్నీ లేచినంక చూద్దాం అన్నాడు. అంటే రోడ్డు మీద వడ్లుంటే బండి నడపడం ప్రమాదమని ప్రతివాదే ఒప్పుకున్నాడని నేను గుర్తుచేశాను. సగం గీసిన గడ్డంతో బాపు నా వైపు చూశాడు. మరి నువ్వు ఈసారి రోడ్డు మీద పోయకు అన్నాను. అందరు తీస్తే నేను తీస్త అన్నాడు. ఇదే మాట అందరూ అంటారు. మా ఊళ్లో అందరూ ఒకేసారి చేసే పని ఒక్కటే ఉంది, అది అందరు తీస్తే నేను తీస్త అనడం.

చెల్లె నాలా వాదించలేదు. రబ్బరు బంతి పిసకడం ఆపి అడిగింది.

"రాయి మీదైతే కోపం లేదు బాపు. నా మీద ఎందుకు కోపం నీకు?"

బాపు గీతలు గీతలుగా సబ్బు నురగ ఆరిపోతున్న మొహంతో రేజర్ దించాడు. తర్వాత చెప్పిన మాట అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు.

"నేను ఆడనే ఉన్న బిడ్డ. కుప్ప అవతలి పక్క కవరు కప్పుతున్న. ఎవడో పడ్డడని తిట్టుకుంట ఉరికిన. ఉరికి చూస్తే నువ్వు, సోయి లేకుంట పడున్నవ్. గా సప్పుడు ఇంక నా చెవుల్ల నుంచి పోలే."

అమ్మ లోపల గిన్నెలు తోమడం ఆపేసింది. చెల్లె బాపు చేతిలోని రేజర్ తీసుకుని, మిగిలిన సగం గడ్డం తానే గీసింది. సూది గుచ్చే చెయ్యి కదా, గాటు పడలేదు. గీస్తూ గీస్తూ, రోడ్డు కాకుండా వేరే జాగ చూపిస్తే పోస్తవా అని అడిగింది. గొంతు దగ్గర కత్తి ఉన్నప్పుడు మా బాపు ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. పోస్త అన్నాడు.

ఆ జాగ ఆమె మనసులో అప్పటికే ఉంది. మా ఊరికి ఎల్లారెడ్డి వైపు, రోడ్డు నుంచి కాస్త లోపలికి, ఒక వెంచర్ ఉంది. ఎవరో పొలాలు కొని, చదును చేసి, ప్లాట్లు కొట్టి, నలభై అడుగుల తారు రోడ్లు వేసి, కమాను కట్టి, కరెంటు స్తంభాలు నాటారు. అన్నీ వచ్చాయి, ఇండ్లు రాలేదు. ఏండ్ల తరబడి అంత మంచి రోడ్ల మీద తొండలు మాత్రమే తిరుగుతున్నాయి. బస్సు లేదు, లారీ లేదు, వేసిన తారు వేసినట్టే ఉంది.

వెంచర్ యజమాని ఎల్లారెడ్డిలోనే ఉంటాడు. షుగర్ ఉంది. ఎల్లారెడ్డిలో షుగర్ ఉన్నవాళ్లెవరూ చెల్లె సూది తప్పించుకోలేదు. ఆయనకు సూదంటే భయం, ప్రతిసారీ గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంటాడట. సూది చేతిలో దిగి ఉన్న సమయం చూసి చెల్లె ఆయనను జాగ అడిగింది. రేజర్, సూది. మా చెల్లె బేరం ఆడే పద్ధతి వకీలుగా నేను సిఫారసు చేయలేను కానీ, ఫలితం చూస్తే మాత్రం చెప్పడానికి ఏమీ లేదు.

ఆయన సరేనన్నాడు. సూది తీశాక మాత్రం ఒక అనుమానం వచ్చింది. నా జాగలో ఎవడన్నా జారిపడితే కేసు నా మీదికి వస్తదా అని. అక్కడికి నా అవసరం పడింది. మా సీనియర్ ఎప్పుడూ ఒక మాటంటాడు, దెబ్బ తగిలాక వచ్చే పరిహారం కన్నా తగలకముందు ఆలోచించే బుద్ధి చవక అని. ఆ మాట మీద ఫీజు రాదు కాబట్టి ఆయన దాన్ని ఎక్కువసార్లు అనడు. నేను యజమానికి చెప్పాను, జాగ ఇచ్చినవాడు జాగ్రత్తలు తీసుకుంటే భయం లేదని. బండలు పెట్టనియ్యవద్దు. అంచుకు గడ్డి కట్టలో ఊక బస్తాలో వేసుకోవాలి, గుద్దుకున్నా మనిషికి ఏమీ కాదు. నల్ల కవర్లు కాకుండా పసుపు రంగువి. ట్రాక్టర్లు ఒక దారిన వచ్చి ఇంకో దారిన పోవాలి. స్తంభాలకు లైట్లు వెలగాలి. లైట్ల మాట వచ్చేసరికి ఆయన కాస్త నసిగాడు. లైట్లు వెలిగితే ప్లాట్లు కనబడతాయి కదా అన్నాను. మరునాడే వెలిగించాడు.

కోతలు మొదలైన రోజు బాపు ట్రాక్టర్ నిండా వడ్లతో ఊరి ముందు నుంచి పోయాడు. రోడ్డు మీద అప్పటికే రాళ్లు పేర్చుకుంటున్నవాళ్లు చూశారు. ఏంది పటేలా, ప్లాట్ కొన్నవా అని ఒకరు, వడ్లకు ఇల్లు కడుతున్నవా అని ఇంకొకరు. బాపు ముందుకు చూస్తూ నడిపాడు. కాక ఆటో పక్కన పెట్టి, మా అన్నకు ఎండ దెబ్బ తగిలింది అని అందరికీ వివరంగా చెప్పాడు. వెంచర్ కమాను కింది నుంచి ఆ ట్రాక్టర్ ఒక్కటే లోపలికి పోవడం నేను చూశాను. కమాను మీద 'స్వాగతం' అని రాసి ఉంది. దానికి మొదటిసారి పని పడింది.

ఆ తర్వాత జరిగింది నా గొప్ప కాదు, బాపు గొప్ప కూడా కాదు. తారు గొప్ప. రోడ్డు మీద పోసినవాళ్లు బస్సు వచ్చినప్పుడల్లా లేచి ఉరకాలి, బస్సు పోయినప్పుడల్లా చెల్లాచెదురైన గింజలు ఊడ్చుకోవాలి, మేకలు వస్తాయి, లారీల దుమ్ము పడుతుంది. వెంచర్‌లో అదేమీ లేదు. నలభై అడుగులు పూర్తిగా పరిచి, రోజంతా తిరగేసి, బాపు అక్కడే కమాను నీడలో పడుకుని నిద్రపోయాడు కూడా. అందరికన్నా ముందు బాపు వడ్లు ఆరాయి. సెంటర్లో మిషన్ పెట్టి చూసిన మనిషి ఒక్కసారికే తలూపాడు. మిగతావాళ్లను ఇంకా ఆరబెట్టుకు రమ్మన్న రోజే బాపు వడ్లకు కాంటా అయిపోయింది.

మా ఊళ్లో నీతి చెబితే ఎవరూ వినరు. కాంటా ముందయిందంటే వింటారు. మరునాడు తెల్లారేసరికి వెంచర్ ముందు ట్రాక్టర్ల లైను ఉంది. అప్పుడు కొత్త గొడవ మొదలైంది. ఒకాయన తనకు తూర్పు ముఖం ప్లాట్ ముందరి రోడ్డే కావాలన్నాడు. ఇంకొకాయన మూల ప్లాట్ దగ్గర పోయనన్నాడు, వీధిపోటుందట. కొనేటప్పుడు ఎవరూ చూడని వాస్తు ఆరబోసేటప్పుడు చూశారు. నిన్నటిదాకా నవ్విన కాక, లైను సరిచేస్తూ, ఈ ఉపాయం మా ఇంట్ల పుట్టిందే అని చెబుతూ తిరిగాడు. యజమాని కూడా వచ్చి చూసుకున్నాడు. ఇంత జనం తన వెంచర్‌లో ఆయన కలలో తప్ప చూడలేదు. సంతోషంగా చాయలు తెప్పించాడు, తనకు మాత్రం చక్కెర లేకుండా.

ఆ వారంలోనే రోడ్డు మీది రాళ్లు ఒక్కొక్కటే లేచిపోయాయి. మొండిగా ఇద్దరు మిగిలారు. వాళ్లను ఒప్పించడానికి నేను చట్టం సెక్షన్లు చెబుదామని పోయాను. నాకన్నా ముందు బాపు అక్కడున్నాడు. సెక్షన్లేమీ చెప్పడం లేదు. వాళ్ల బండల పక్కన కూర్చుని, ఆ సాయంత్రం తాను విన్న సప్పుడు ఎట్లుంటదో చెబుతున్నాడు. నేను దూరంగానే ఆగిపోయాను. కాసేపటికి ముగ్గురూ లేచి, ముగ్గురూ కలిసి రాళ్లు ఎత్తారు.

అక్కడి నుంచి వచ్చి బాపు చెల్లెను పిలిచాడు. అప్పటికి ఏప్రిల్ ఇంకా మిగిలే ఉంది. పొలం నుంచి వచ్చినవాళ్లు నలుగురు అరుగు మీద ఉన్నారు. అందరి ముందూ లుంగీ కాస్త సర్దుకుని మొలతాడు ముడి విప్పబోయాడు. ముడి రాలేదు. ఆరు నెలల చెమటకు, స్నానాలకు అది రాయిలా బిగుసుకుపోయింది. గోళ్లతో లాగాడు, పళ్లకు అందదు. ఇంత పెద్ద ఘట్టంలో ఇలాంటిది జరగాలని నేను దేవుణ్ణి అడగలేదు కానీ, జరిగినందుకు నొచ్చుకోలేదు కూడా. చివరికి అమ్మ కూరగాయలు కోసే కత్తి తెచ్చింది. బాపు జడుసుకుని వెనక్కి జరిగాడు.

"కదలకు," అంది అమ్మ. "నీ కాళ్లు చేతుల సంగతి దేవునికి ఇంక వాపస్ చెప్పలే నేను."

మొలతాడు తెగింది, తాళంచెవి చెల్లె చేతిలో పడింది. ఆమె దాన్ని కుడిచేత్తోనే పట్టుకుంది. అరుగు మీద ఉన్నవాళ్లలో ఒకాయన, మరి మసక చీకట్ల ఆడపిల్ల అని ఏదో మొదలుపెట్టబోయాడు. రోడ్డు సాఫ్ ఉన్నది, లైటున్నది, నెత్తికి హెల్మెట్ ఉన్నది, ఇంకేం గావాలె అని బాపే అడ్డుకున్నాడు. ఆ మాట మొదలుపెట్టినాయన పోయే ముందు తన బండి అద్దం సరిచేసుకుని పోయాడు.

ఇళ్లకు పోయి శాంపిల్స్ తెచ్చే పని చెల్లెకే వచ్చింది. పని మొదలైన మొదటి సాయంత్రం ఆమె అవతలి ఊళ్లలో తిరిగి, మా ఊరి మీదుగానే ఎల్లారెడ్డికి పోవాలని తెలిసి, బాపు ముందుగానే రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. అమ్మ వచ్చింది. కాక ఆటో ఆపాడు. వడ్లు తిరగేసి వస్తున్నవాళ్లు ఆగారు. అటూ ఇటూ ఎక్కడా ఒక్క గింజ లేదు, ఒక్క రాయి లేదు. రోడ్డు మా అందరికీ కొత్తగా, చాలా వెడల్పుగా కనిపించింది. ఇంత రోడ్డు ఎన్నడు వేసిండ్రు అని కాక అడిగాడు.

దూరంగా లైటు కనిపించింది. కొత్త హెల్మెట్, కాళ్ల దగ్గర శాంపిల్స్ డబ్బా. ఆగుతుందని బాపు చెయ్యి కూడా ఎత్తాడు. ఆమె ఆగలేదు. రక్తం తీసినవాళ్లకు ఆ రాత్రికే రిపోర్టు ఇస్తానని మాటిచ్చిందట. హారన్ ఒక్కసారి కొట్టి, రోడ్డు ఎడమ అంచు వదలకుండా, మా ముందు నుంచి దూసుకుపోయింది.

బాపు ఎత్తిన చెయ్యి దించకుండా, ఎర్ర లైటు మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ తర్వాత పక్కనున్న అందరికీ వినబడేలా, అడగనివాళ్లకు కూడా చెప్పాడు:

"మా బిడ్డ. జర స్పీడే. అయినా బండి మీద పట్టున్నది."